సమస్య: నడువకయె నది దాటెను నావ లేక

జపాను చిత్రకారుడు హిరోషిగే 1833-34లో వెలువరించిన తోకాయిదో దారి (ఎదో, అంటే నేటి టోక్యో, నుండి క్యోతోకు పోయే బాట) చిత్రాలలోని షిమాదా, కానాయా మజిలీలను చూసి, కవులు పద్యంగా పూరించడానికి ఈ తేటగీతి పాదాన్ని ఇచ్చాము. ఆ రెండింటి నడుమ పారే ఓయి నదిపై, అప్పట్లో జపానును ఏలిన తొకుగావా ప్రభుత్వం వంతెన కట్టనీయలేదు, పడవలకూ అనుమతి ఇవ్వలేదు.

మొదటి పూరణ:

ఓయి యేటను కూలీలు మోయ నొకఁడు
పీటమీదను గూర్చుండి పెద్ద దొరగ
బట్టుచెరగైన దడియక పయనమందు
నడువకయె నది దాటెను నావ లేక

మొదటి పాదంలో ‘ఓయి–మోయ’ అని ప్రాసయతి (యతికి బదులు రెండవ అక్షరాలు కలవడం) చక్కగా కుదిరింది. అయితే కానాయా చిత్రంలో దొర పీటమీద బాహాటంగా కూర్చోడు. మూసిన పల్లకిలోనే ఉంటాడు, ఆ పల్లకినే పెద్ద చట్రంపై ఉంచి కూలీల గుంపు మోస్తుంది. కనుక పట్టుచెరగు మనకు కనబడే వీలు లేదు. షిమాదా చిత్రంలోనైతే హిరోషిగే ఊరేగింపునంతటినీ చాలా ఎత్తునుండి చూపడంతో, దొర ఎవరో కూలి ఎవరో పోల్చుకోవడమే కష్టం. ‘పెద్ద దొరగ’ అన్న మాట ఆ దూరపు చూపుకు ఇమడదు.

రెండవ పూరణ:

చంకలోతున గూలి తా సగము మునుగ
కాసు లిచ్చిన వానికే కలుగు గట్టు
మూఁపుపై కెక్కి మురిసిన ముదుసలియును
నడువకయె నది దాటెను నావ లేక

‘మునుగ’ ద్రుతాంతం (చివర నకారం గల మాట), దాని తరువాత ‘క’ ‘గ’ అవుతుంది కాబట్టి తరువాతి పాదాన్ని ‘గాసు లిచ్చిన’ అని మొదలుపెట్టాలి. యతికి భంగం రాదు. ‘తా’ వట్టి పాదపూరణమే. అయినా నాకు ఈ పద్యమే నచ్చింది. నీటి లోతును బట్టి, నడుము దాకానా, రొమ్ము దాకానా, చంక దాకానా అని చూసి మోత కూలి నిర్ణయించేవారు. అందువల్ల ‘చంకలోతు’ ఇక్కడ వర్ణన మాత్రమే కాక ధర కూడా అయింది. దొరకు చట్రం, సామాన్యునికి భుజం అన్న తేడాను ‘ముదుసలియును’లోని ‘ను’ ఒక్కటే పట్టి ఇచ్చింది.

నది గడ్డకట్టిందన్న మూడవ పూరణలో మంచుమీదనైనా నడవక తప్పదు కనుక సమస్య తీరలేదు. నీరు మరీ పెరిగినపుడు దాటడమే ఆపివేసేవారు, అప్పుడు దొరలూ షిమాదాలో కాచుకొని ఉండవలసిందే. ఈ సంగతిని ఎవరూ ఎత్తుకోలేదు.