నల్లరేగడి గోధుమలో చల్లిన యూరియా ఎటు పోతోంది?

ప్రశ్న (ఆదిలాబాద్ జిల్లా రైతు):
వానాకాలంలో సోయా తీసిన నల్లరేగడి చేలో యాసంగికి గోధుమ వేస్తున్నాను. ఎకరానికి విత్తేటప్పుడు ఒక బస్తా డీఏపీతో పాటు ఒక బస్తా యూరియా, మొదటి తడి పెట్టి నేల అడుగు పెట్టనిచ్చాక రెండో బస్తా, పొట్ట దశలో మూడో బస్తా చల్లుతున్నాను. చేను నల్లగా (ముదురు పచ్చగా) ఎదుగుతుంది, గాలి వీస్తే పడిపోతుంది, దిగుబడి మాత్రం 12 క్వింటాళ్లు దాటడం లేదు. మూడో బస్తాకు బదులు నానో యూరియా పిచికారీ చేయవచ్చా? తెలిసినవారు చెప్పగలరు.

సమాధానం 1:
ముందుగా లెక్క చూద్దామండి. 45 కిలోల యూరియా బస్తాలో 46 శాతం, అంటే 20.7 కిలోల నత్రజని ఉంటుంది. డీఏపీ బస్తాతో మరో 9 కిలోలు వస్తుంది. మీరు వేస్తున్నది మొత్తం 71 కిలోలు. 12 క్వింటాళ్ల గింజలో ఉండేది దాదాపు 24 కిలోలే. గడ్డిలో మరికొంత పోయినా, మీరు కొన్నదానిలో సగం కూడా పైరుకు అందడం లేదు. నీటి వసతి ఉన్న గోధుమకు సాధారణంగా సిఫారసు చేసే హెక్టారుకు 120 కిలోలు మీ డీఏపీ, రెండు బస్తాల యూరియాతోనే తీరిపోతాయి.

అసలు నష్టం రెండో బస్తా దగ్గర జరుగుతోందని నా అభిప్రాయం. సున్నం పాలు ఎక్కువగా ఉండే రేగడిలో, తడిసిన నేల మీద యూరియాను అలాగే వదిలేస్తే, నేలలోని యూరియేజ్ ఎంజైము దానిని అమ్మోనియాగా విడగొడుతుంది, అది గాలిలో కలిసిపోతుంది. తడి పెట్టిన తర్వాత కాకుండా, పొడిగా ఉన్న చేలో సాయంత్రం చల్లి వెంటనే తడి పెట్టండి. నీటితో పాటు యూరియా నాలుగు వేళ్ల లోతుకు దిగితే ఆ నష్టం చాలావరకు ఆగుతుంది. (ఇసుక నేలల్లో ఇలా చేస్తే వేళ్ల కిందికి కొట్టుకుపోతుంది కాబట్టి, అక్కడి వారు ఈ మాట పట్టుకోవద్దు.) విత్తిన 20–25 రోజులకు, మొక్క మొదట్లో కొత్త వేళ్లు తొడిగి పిలకలు వేసే వేళకు ఇది అందాలి. పొట్ట దశలో చల్లేది దిగుబడిని పెద్దగా పెంచదు.

నానో యూరియా విషయానికొస్తే, మొదట వచ్చిన 4 శాతం రకం అర లీటరు సీసాలో నత్రజని 20 గ్రాములు, తర్వాత వచ్చిన 20 శాతం రకంలో 100 గ్రాములు. బస్తాలోని 20 కిలోలకు అది సాటి అని నేను చెప్పలేను.

సమాధానం 2:
పై లెక్కతో ఏకీభవిస్తాను. అయితే సోయా తర్వాత నేలలో ఎంత నత్రజని మిగిలిందో ఏ సిఫారసూ చెప్పలేదు, మీ చేనే చెప్పాలి. విత్తేటప్పుడే చేను మధ్యలో రెండు మీటర్ల వెడల్పున ఒక పట్టీకి నత్రజని దండిగా వేయండి. రెండో తడి నాటికి ఆ పట్టీ మిగతా చేనుకన్నా నల్లగా కనిపిస్తే పైపాటు (ఎదిగే పైరుకు చల్లే యూరియా) అవసరం. పోల్చుకోలేకపోతే ఆ బస్తా కొనకండి. అమెరికాలో ఓక్లహోమా స్టేట్ విశ్వవిద్యాలయం వారు ప్రచారంలోకి తెచ్చిన ఈ పద్ధతిని మెక్సికోలోని యాకీ లోయ గోధుమ రైతుల పొలాల్లో, పైరు పచ్చదనాన్ని కొలిచే చేతి సెన్సరుతో కలిపి వాడారు. మనకు ఎకరం రెండెకరాలకు కన్ను చాలు.

సమాధానం 3:
యూరియా నుంచి వచ్చి నేలలో నిలిచిన అమోనియంను సూక్ష్మజీవులు నైట్రేటుగా మార్చాక, నీరు నిలిచే రేగడి మడుల్లో అది వాయువుగా పోతుంది. అందులో కొంత నైట్రస్ ఆక్సైడ్. యూరియా గుళికలకు వేసే వేప నూనె పూత ఈ నైట్రేటు మార్పును కొంత నెమ్మది చేస్తుంది. ఆ పనిని గోధుమ వేళ్లతోనే చేయించే ప్రయత్నమూ జరుగుతోంది. జపాన్‌లోని జిర్కాస్ అనే వ్యవసాయ పరిశోధన సంస్థలో పనిచేసిన గుంటూరు సుబ్బారావు గారు, మెక్సికోలోని సిమ్మిట్ (గోధుమ, మొక్కజొన్న పరిశోధన కేంద్రం) శాస్త్రవేత్తలు కలిసి, లైమస్ రాసిమోసస్ అనే అడవి గడ్డి క్రోమోజోము ముక్కను మేలైన గోధుమ రకాల్లోకి చేర్చి, వాటి వేళ్ల నుంచి నైట్రేటు మార్పును అడ్డుకునే పదార్థాలు ఊరేలా చేసినట్లు 2021లో ప్రకటించారు. ఇది ఇంకా పరిశోధన క్షేత్రాల్లోని సంగతి కనుక, ఆ పేరుతో ఎవరైనా విత్తనం అమ్మజూపితే తీసుకోకండి.

ప్రశ్న అడిగినవారు:
ధన్యవాదాలు. ఈ యాసంగి మూడో బస్తా మానేసి, రెండోది తడికి ముందు చల్లి, పట్టీ కూడా వేస్తాను. విత్తేటప్పుడు వేసే యూరియాను గొర్రుతో విత్తనం సాలులోనే వేయవచ్చా?

సమాధానం 1:
వద్దండి. గింజకు తగిలితే అమ్మోనియా ఘాటుకు మొలక దెబ్బతింటుంది. ఆఖరి దుక్కిలో కలిపేసి, ఆ తర్వాత విత్తండి.