కార్డు బాకీ తీర్చడానికి బంగారం తాకట్టు పెట్టాలా, ఖర్చులు తగ్గించుకుని తీర్చాలా?

మియాపూర్ ఇల్లాలు:
మావారి జీతం చేతికి 58,000 వస్తుంది. అద్దె 14,000. పోయినేడు అత్తగారి ఆపరేషన్ బిల్లు క్రెడిట్ కార్డు మీద కట్టాం. ఇప్పుడా బాకీ 1,40,000. నెలకు ఏడు వేలు మినిమమ్ కడుతున్నాం, అయినా తగ్గినట్టే ఉండదు. లక్ష రూపాయల చిట్టీ కూడా ఉంది, నెలకు 5,000, మొత్తం 20 నెలలు. 13 అయ్యాయి, ఇంకా పాట పాడి డబ్బు తీసుకోలేదు. నా దగ్గర ఎనిమిది తులాల బంగారం ఉంది. బ్యాంకులో పెట్టి కార్డు కట్టేద్దాం అంటారు ఆయన. తాకట్టుకు వెళ్ళిన బంగారం తిరిగి రాదని మా అమ్మ భయం. బయటి టిఫిన్లు, ఓటీటీలు మానేసి, చదివింపులు తగ్గించుకుంటే నెలకు ఇంకో ఆరు వేలు మిగల్చగలను. అలా తీర్చుకోకూడదా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
మీ స్టేట్‌మెంట్‌లో వడ్డీ ఎంతో చూడండమ్మా. చాలా కార్డులకు నెలకు నూటికి మూడున్నర దగ్గర ఉంటుంది, ఆ వడ్డీ మీద మళ్ళీ 18 శాతం జీఎస్టీ. అంటే మీ బాకీకి నెలకు దాదాపు 5,800. మీరు కట్టే ఏడు వేలల్లో అసలుకు జమయ్యేది పన్నెండు వందలే. ఊళ్ళో ఎవరైనా ఇంత వడ్డీకి ఇస్తానంటే మనం ఆ గుమ్మం తొక్కుతామా?

ఏడుకు ఆరు కలిపి 13,000 చొప్పున కార్డుకే కడితే పదిహేను నెలలు పడుతుంది, వడ్డీకి 48 వేలు పోతుంది. అదే బంగారం మీద ఏడాదికి పది శాతానికి తెచ్చి కార్డు మూసేసి, ఆ 13,000 బంగారం లోనుకు కడితే పన్నెండు నెలల్లోపే తీరుతుంది. వడ్డీ ఏడు వేలు. నలభై వేల తేడా అండీ! మీరు టిఫిన్లు మానుకుని దాచేది ఆ వడ్డీకి పొయ్యడం నాకు అన్యాయంగా కనిపిస్తోంది.

కరీంనగర్ అక్క:
మాస్టారూ, మీ లెక్క తప్పని నేను అనను. కానీ బంగారం లోనుకు నెలనెలా కట్టాలని చాలాచోట్ల ఎవరూ అడగరు. ఏడాదికోసారి వడ్డీ కట్టి తిరగరాసుకోమంటారు. అడిగేవాళ్ళు లేకపోతే ఆ 13,000 ఏదో ఒక ఖర్చులో కలిసిపోతుంది. ఇటు కార్డు ఖాళీ అయింది కదా అని మళ్ళీ గీకుతారు. మా వీధిలో రెండు ఇళ్ళల్లో ఇదే జరిగింది, వేలం నోటీసు దాకా పోయింది. పైగా మీరే చెప్పారు, తేడా మూడు నాలుగు నెలలే. ఆ బంగారం ఆమెది. ఆడపిల్ల చేతిలో ఉన్న ఒక్క ఆధారం భర్త మాట మీద బ్యాంకు లాకర్‌కు పోవాలా?

లెక్కల మాస్టారు, గుంటూరు:
బంగారం ఆమెది, నిర్ణయం కూడా ఆమెదే, ఒప్పుకుంటాను. కానీ నలభై వేలు కూడా ఆ ఇంటివే కదా. లోను తీసుకున్న రోజే కార్డు రద్దు చేయించి, నెలనెలా లోను ఖాతాకు ఆటోమేటిక్‌గా డబ్బు పోయేలా పెట్టుకుంటే మీరు చెప్పిన భయం చాలావరకు పోతుంది.

చిట్టీల అనుభవం:
అందరూ బంగారం చుట్టూనే తిరుగుతున్నారు. చిట్టీ సంగతి ఎవరూ ఎత్తలేదేం? వచ్చే పాటలో పాడేయండి. పదమూడు నెలలు దాటిన చిట్టీలో పోటీ అంతగా ఉండదు. పాటలో పది వేలు వదులుకున్నా 90,000 చేతికొస్తుంది. చివరి దాకా ఆగితే ఆ పది వేలల్లో కొంత మిగులుతుంది నిజమే, కానీ ఆ ఏడు నెలల్లో 90,000 మీద కార్డు వడ్డీ 26,000 అవుతుంది. ఎటూ మిగతా వాయిదాలు కట్టాల్సిందే. 90,000 కార్డుకు జమ చేస్తే 50,000 మిగులుతుంది, మీ 13,000తో అయిదు నెలల్లో అయిపోతుంది. బంగారం బీరువాలోంచి తియ్యనక్కర్లేదు. షూరిటీ మాత్రం అడుగుతారు, ముందే చూసుకోండి.

కరీంనగర్ అక్క:
ఇది బాగుంది. చెల్లెమ్మా, ఇంకో మాట. బాకీ మోస్తున్నంతకాలం ఆ కార్డు మీద ఏం కొన్నా మొదటి రోజు నుంచే వడ్డీ పడుతుంది, నలభై అయిదు రోజుల గడువు ఉండదు. సరుకులు కూడా దాని మీద కొనకండి.

మియాపూర్ ఇల్లాలు:
చిట్టీని పాప ఫీజు కోసం దాచుకున్న డబ్బు అనుకున్నాం, అందుకే ఇటు ఆలోచన పోలేదు. ఫీజు జూన్‌లో కదా, అప్పటికి కార్డు అయిపోతే నెలకు 13,000 అటు మళ్ళించవచ్చు. మావారి ఆఫీసులో ఇద్దరిని షూరిటీకి అడుగుతామన్నారు. బంగారం అయితే ఇప్పుడు పెట్టను.

లెక్కల మాస్టారు, గుంటూరు:
మంచిదమ్మా. పూర్తిగా కట్టాక ఆ మరుసటి నెల స్టేట్‌మెంట్ కూడా చూడండి. మధ్యలో రోజుల వడ్డీ కొంత మిగిలి ఉంటుంది, అది కట్టకపోతే లేటు ఫీజు వేస్తారు. బాకీ లేదని ఉత్తరం అడిగి తీసుకోండి.