డాస్ గేముల్లా హార్డ్‌వేర్‌ని నేరుగా వాడుకోవడం ఇప్పుడు ఎంతవరకు కుదురుతుంది?

అందరికీ నమస్కారం. డాస్ (విండోస్‌కి ముందు పీసీల్లో వాడిన ఆపరేటింగ్ సిస్టం) కాలం నాటి గేముల కోడ్ చదువుతూ ఒకచోట ఆగిపోయాను. తెలిసినవాళ్లు కాస్త వివరించండి.

వీజీఏ (అప్పటి పీసీల గ్రాఫిక్స్ ప్రమాణం) 13హెచ్ మోడ్‌లో తెర 320×200, ఒక్కో పిక్సెల్‌కి ఒక బైట్. అంటే ఫ్రేముకి 64,000 బైట్లు. ఒక్కో చుక్కకీ 10హెచ్ ఇంటరప్ట్‌తో బయోస్‌ని (చిప్‌లోనే ఉండే ప్రాథమిక ప్రోగ్రాంని) పిలిస్తే, ప్రతిసారీ రిజిస్టర్లు నింపాలి, అటు వెళ్లి రావాలి. ఆట నత్తనడకే. అందుకే వీడియో మెమరీ ఉండే ఏ000 సెగ్మెంట్‌లోకి నేరుగా రాసేసేవాళ్లు. గేములు డాస్‌ని దాటేసి వెళ్లేవంటారు గానీ, అసలు డాస్‌లో గ్రాఫిక్స్ సేవలే లేవు కదా, ఇంక దాటడానికి ఏముంది? వీజీఏ స్థితిని తెలిపే 3డీఏ పోర్టు చదువుతూ, తెర మీద కిరణం కింది నుంచి పైకి మళ్లే ఆ కాస్త వ్యవధిలోనే బొమ్మ మార్చడం చూసి నాకు భలే ముచ్చటేసింది.

విండోస్ ఎన్‌టీ లాంటి వాటిలో మామూలు ప్రోగ్రాం పోర్టు ముట్టుకుంటే ప్రాసెసరే అడ్డుకుంటుంది. 1995లో విండోస్ గేముల కోసం డైరెక్ట్‌ఎక్స్ వచ్చాక దారి డ్రైవర్ మీదుగా మారింది. అంతవరకు అర్థమైంది.

ఇప్పటి గ్రాఫిక్స్ ఏపీఐ అయిన వల్కన్‌లో కమాండ్ బఫర్ (జీపీయూకి ఇచ్చే ఆదేశాల జాబితా) నింపేటప్పుడు ప్రతి డ్రా కాల్‌కీ కెర్నల్‌లోకి (ఆపరేటింగ్ సిస్టం మూలభాగంలోకి) వెళ్తామా, లేక క్యూకి పంపేటప్పుడేనా? నాది ఇంటెల్ గ్రాఫిక్స్ ఉన్న లినక్స్ ల్యాప్‌టాప్. లినక్స్ గ్రాఫిక్స్ డ్రైవర్లుండే మీసా సోర్సులో ఎక్కణ్ణుంచి చదవడం మొదలుపెడితే ఇది కళ్లారా చూడొచ్చో చెప్పగలరా?