స్కాన్ చేసిన తెలుగు దస్తావేజుల్లో వెతికితే ఏమీ దొరకట్లేదు, ఓసీఆర్ (బొమ్మలోని అక్షరాల్ని కంప్యూటర్ టెక్స్ట్‌గా చదవడం) బాగుపడే దారుందా?

జగదాంబ_జూనియర్

వైజాగ్‌లో ఒక సీనియర్ లాయర్ గారి దగ్గర జూనియర్‌ని. ఎక్కువగా ఆస్తి తగాదాలే, కాబట్టి బీరువాల నిండా క్రయ దస్తావేజులు, లింకు డాక్యుమెంట్లు, ఈసీలు (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్లు), తీర్పుల కాపీలు. అన్నీ స్కాన్ చేసి పేపర్‌లెస్ ఎన్‌జీఎక్స్ అనే, కాగితాల్ని దాచి వెతికిపెట్టే సాఫ్ట్‌వేర్‌లో పెడదామని నేనే చెప్పి, ఆఫీసులో ఉన్న పాత డెస్క్‌టాప్ మీద డాకర్ కంటైనర్‌లో నడుపుతున్నాను. ఇంగ్లీషు కాగితాలు బాగానే వస్తున్నాయి. తెలుగువి ఘోరం. మధురవాడ అని కొడితే ఏమీ రాదు, ఫైలు తెరిస్తే మొదటి పేజీలోనే కనిపిస్తుంటుంది. కంటెంట్ ట్యాబ్‌లో చూస్తే మ అంతా య అయిపోయి, వత్తులు ఎగిరిపోయి ఉంటాయి. కొన్నింట్లో అసలు తెలుగే లేదు, ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలిసిన గందరగోళం.

భాషలు తెలుగు, ఇంగ్లీషు రెండూ పెట్టాను. స్కాన్ 200 డీపీఐ (అంగుళానికి 200 చుక్కలు), బ్లాక్ అండ్ వైట్, ఫైలు చిన్నగా ఉంటుందని. కొన్ని క్లయింట్లు వాట్సాప్‌లో పంపిన ఫొటోలు, కొన్ని హుద్‌హుద్ తుపానులో తడిస్తే ఆరబెట్టి దాచిన మరకల కాగితాలు, కొన్ని పాత చేతిరాతవి. సార్ రోజూ "ఏమయ్యా, నీ కంప్యూటర్‌కి తెలుగొచ్చిందా" అంటున్నారు, టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార_సర్వర్

సెట్టింగులు తర్వాత, ముందు స్కానర్ సంగతి చూడండి గురూ. 200 డీపీఐ బ్లాక్ అండ్ వైట్ ఇంగ్లీషుకి ఎలాగో నడిచిపోతుంది, తెలుగుకి నడవదు. మనకి అక్షరం పెద్దదే గానీ అర్థాన్ని మార్చేవన్నీ సన్నవి, ద కీ ధ కీ మధ్య కింద చిన్న గీత, ధ కీ థ కీ మధ్య లోపల చుక్క, ఇక వత్తులైతే అక్షరంలో సగం కూడా ఉండవు. ఆ సైజులో స్కానర్ తనంతట తానే నలుపో తెలుపో తేల్చేస్తే ముందు పోయేవి అవే. గ్రేస్కేల్‌లో 300 పెట్టండి, అచ్చు చిన్నదైతే 400. పాత 200 స్కాన్‌ని సాఫ్ట్‌వేర్‌లో పెద్దది చేసినా పోయిన వత్తు తిరిగి రాదు, కాగితం చేతిలో ఉంటే మళ్ళీ స్కాన్ చేయడమే.

తడిసిన కాగితాలకి ఇంకో సంగతి. పేపర్‌లెస్‌లో అక్షరాలు చదివే ఇంజిన్ టెసరాక్ట్, అది ఎలాగూ లోపల తనే నలుపు తెలుపు చేసుకుంటుంది. మామూలుగా వాడే ఓట్సు పద్ధతిలో పేజీ మొత్తానికీ ఒకటే హద్దు, అంతకంటే ముదురుగా ఉన్నదంతా సిరా కిందే లెక్క, దాంతో మరక కూడా సిరా అయి కూర్చుంటుంది. టెసరాక్ట్ 5లో సావోలా అనే పద్ధతి వచ్చింది, అది చుట్టుపక్కల ఎంత ముదురుగా ఉందో చూసి చోటుచోటుకీ హద్దు మారుస్తుంది. పేపర్‌లెస్ లోపల టెసరాక్ట్‌ని నడిపేది ఓసీఆర్‌మైపీడీఎఫ్ అనే ప్రోగ్రామ్, దానికి ఈ ఆప్షన్ ఇవ్వొచ్చు. ఆకుపచ్చ లెడ్జర్ పేపర్ మీద ఉన్నవాటికి మీ స్కానర్‌లో కలర్ డ్రాపౌట్ ఉంటే ఆకుపచ్చ ఎంచుకోండి, వెనక రంగు చాలావరకు పోతుంది.

వాట్సాప్ ఫొటోలు కంప్రెస్ అయి వస్తాయి. ఫొటోగా కాకుండా డాక్యుమెంట్‌గా పంపమని క్లయింట్లకి చెప్పండి.

ఇంకోటి, డెబియన్ లినక్స్ ప్యాకేజీతో వచ్చే తెలుగు ట్రైన్డ్‌డేటా (టెసరాక్ట్ తెలుగు చదవడానికి వాడే ఫైలు) ఫాస్ట్ రకం. టెస్‌డేటా బెస్ట్ అని వేరే ఉంది, దాన్ని దించుకుని కంటైనర్‌లో పాత ఫైలు స్థానంలో మౌంట్ చేయండి. నెమ్మదిగా నడుస్తుంది, కానీ తెలుగుకి తేడా తెలుస్తుంది.

గాజువాక_డీటీపీ

పైన చెప్పినవన్నీ సరే గానీ, "తెలుగే లేదు, గుర్తుల గందరగోళం" అన్నారే, అది స్కానింగ్ సమస్య కాదు. ఆ పీడీఎఫ్ తెరిచి ఒక లైను సెలెక్ట్ చేసి నోట్‌ప్యాడ్‌లో పేస్ట్ చేయండి. అక్కడ కూడా అదే చెత్త వస్తే అది ఓసీఆర్ రాసింది కాదు, ఫైల్లో ముందే ఉంది.

అలాంటివి రెండు రకాలు. ఒకటి మా డీటీపీ వాళ్ళ పుణ్యం, పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో కొట్టి పీడీఎఫ్ చేసినవి. అను యూనికోడ్ (ప్రతి తెలుగు అక్షరానికీ సొంత కోడ్ ఉండే పద్ధతి) కాదు, లోపల ఉండేవి ఇంగ్లీషు కోడ్లే, ఫాంటు వాటి మీద తెలుగు బొమ్మలు తొడుగుతుందంతే. కంటికి తెలుగు, కంప్యూటర్‌కి చెత్త. రెండోది, జిరాక్స్ షాపులో స్కాన్ చేయించినప్పుడు ఆ స్కానర్ సాఫ్ట్‌వేరే ఇంగ్లీషు అనుకుని ఓసీఆర్ చేసి, కనిపించని టెక్స్ట్ పొర ఒకటి వేసి ఇచ్చేస్తుంది.

పేపర్‌లెస్‌లో ఓసీఆర్ మోడ్ స్కిప్ అని ఉంటే, టెక్స్ట్ ఉన్న పేజీ జోలికే పోదు. అందుకే మీ టెసరాక్ట్ ఎంత బాగున్నా ఆ ఫైళ్ళని అసలు చదవలేదు. జిరాక్స్ షాపు రకానికి రీడూ మోడ్ సరిపోతుంది, ఆ కనిపించని పొరని తీసేసి మళ్ళీ చదువుతుంది. అను రకానికి రీడూ పనిచేయదు, అక్కడున్నది కనిపించే టెక్స్ట్, దాన్ని రీడూ ముట్టుకోదు. దానికి ఫోర్స్ మోడే, అది పేజీని మొత్తం బొమ్మగా మార్చి చదువుతుంది. అలాగని మొత్తానికీ ఫోర్స్ పెట్టేయకండి, శుభ్రంగా ఉన్న యూనికోడ్ పీడీఎఫ్‌లని కూడా బొమ్మలు చేసి మళ్ళీ చదివి పాడు చేస్తుంది. అను ఫైళ్ళని విడదీసి బయట ఓసీఆర్‌మైపీడీఎఫ్‌తో ఫోర్స్ చేసి, ఆ వచ్చినవి లోపలికి ఇవ్వండి.

ఆర్కే_బీచ్_వాకర్

ఇంత కష్టం దేనికి బ్రో, గూగుల్ డ్రైవ్‌లో పెట్టి డాక్స్‌తో ఓపెన్ చేయి, తెలుగు బ్రహ్మాండంగా చదువుతుంది.

జగదాంబ_జూనియర్

చదువుతుంది, నేనూ చూశాను. కానీ అవన్నీ క్లయింట్ల ఆస్తి కాగితాలు, ఆధార్ కాపీలు కూడా ఉంటాయి. బయటికి పంపితే సార్ ఊరుకోరు, అది న్యాయమే.

డీటీపీ గారూ, నోట్‌ప్యాడ్ పరీక్ష చేశాను, మీరు చెప్పిన రెండు రకాలూ ఉన్నాయి. చేతిరాత వాటి సంగతేంటి? 1998లో రిజిస్ట్రేషన్ ఆఫీసుల్లో కంప్యూటర్లు రాకముందువి చాలా ఉన్నాయి, దస్తావేజు లేఖరి గొలుసుకట్టు రాత.

మహారాణిపేట_పాతకాపు

బాబూ, టెసరాక్ట్ అచ్చు కోసం చేసింది, చేతిరాత మీద ఆశ వదిలేయండి. అయినా దస్తావేజుని మీరు దేనితో వెతుకుతారు? డాక్యుమెంట్ నంబరు, సంవత్సరం, సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు, గ్రామం, సర్వే నంబరు, అమ్మినవారు, కొన్నవారు. పేపర్‌లెస్‌లో కస్టమ్ ఫీల్డులు ఉన్నాయి కదా, ఇవి చేత్తో ఎక్కించేయండి. అచ్చు దస్తావేజులకి కూడా ఎక్కించమనే నా సలహా, ఎందుకంటే ఓసీఆర్‌లో ఊరి పేరు తప్పు పడితే చూడగానే తెలుస్తుంది, సర్వే నంబరులో ఒక అంకె తప్పు పడితే ఎవరికీ తెలియదు.

అన్నట్టు స్కానర్‌లో హై కంప్రెషన్ లాంటిది ఆన్‌లో ఉంటే తీసేయండి. 2013లో డేవిడ్ క్రీసెల్ అనే జర్మన్ ఆయన జెరాక్స్ వర్క్‌సెంటర్ మెషీన్లలో కొన్ని స్కాన్లలో 6 కాస్తా 8 అయిపోతోందని బయటపెట్టాడు. జేబిగ్2 కంప్రెషన్ ఒకేలా కనిపించే బొమ్మల్ని ఒకటిగా కలిపేయడం దానికి కారణం. అక్కడ ఓసీఆర్ తప్పేం లేదు, బొమ్మలోనే అంకె మారింది. కోర్టులో పెట్టే కాగితానికి అంతకంటే ప్రమాదం ఇంకేముంటుంది. ఒరిజినల్ కట్టలు మాత్రం పారేయకండి.

జగదాంబ_జూనియర్

లేదండీ, కట్టలు అలాగే ఉన్నాయి. చివరిగా ఒక్కటి, ఇప్పటికే ఎక్కించినవన్నీ తీసేసి మళ్ళీ ఎక్కించాలా?

సీతమ్మధార_సర్వర్

అక్కర్లేదు, ఒరిజినల్ ఫైలుని పేపర్‌లెస్ వేరుగా దాచే ఉంచుతుంది. మళ్ళీ స్కాన్ చేయనివి ఎంచుకుని రీప్రాసెస్ కొడితే చాలు. జిరాక్స్ షాపు వాటికి ముందు మోడ్ రీడూకి మార్చి కొట్టండి, అయిపోయాక స్కిప్‌కి తెచ్చేయండి. రీడూలో డెస్క్యూ పనిచేయదు, కాబట్టి వంకరగా ఉన్న పేజీలు అలాగే ఉంటాయి, కంగారు పడకండి. ముందు ఒక్కో రకానికి కొన్ని చొప్పున చేసి కంటెంట్ చూసుకోండి, బాగుంటే మిగతావి రాత్రి ఆఫీసు మూసేటప్పుడు పెట్టి వెళ్ళిపోండి, బెస్ట్ ఫైలుతో ఆ పాత డెస్క్‌టాప్ మీద పగలు పెడితే సార్‌కి కాజ్ లిస్టు (ఆ రోజు కోర్టు కేసుల జాబితా) కూడా తెరుచుకోదు.