గడ్డ “మళ్లీ వచ్చింది” అనాలా, “తిరగబెట్టింది” అనాలా?

నరసన్నపేట సభ్యురాలు:
మా మామయ్యగారికి మెదడులో గడ్డ. గ్లియోబ్లాస్టోమా అనే మెదడు కేన్సర్ అన్నారు. విశాఖపట్నంలో ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకే స్కాన్‌లో మళ్లీ కనిపించింది. చూడ్డానికి వచ్చినవాళ్లంతా “గడ్డ తీసీసినారు కదా, మరెలాగొచ్చీసింది?” అని అడుగుతున్నారు. సర్జన్ సరిగ్గా చెయ్యలేదని ఒకరు, తిండి పడలేదని ఇంకొకరు. “వ్యాపించింది” అంటే ఒళ్లంతా పాకేసిందనుకుంటున్నారు. ఉన్నది ఉన్నట్టు చెప్పే తెలుగు మాట ఏదైనా ఉందా?

విజయనగరం సభ్యుడు (రిటైర్డ్ జువాలజీ లెక్చరర్):
అమ్మా, చిక్కంతా “గడ్డ” దగ్గరే ఉంది. మనకి గడ్డ అంటే సెగగడ్డ, కొవ్వుగడ్డ. చేతికి తగులుతుంది, అంచు ఉంటుంది, కోసి తీస్తే పోతుంది. మెదడు పైపొరల్లో వచ్చే మెనింజియోమా చాలావరకు అలాంటిదే. మెదడును నొక్కుతుంది గానీ సాధారణంగా లోపలికి దూరదు. గ్లియోబ్లాస్టోమా అలా కాదు. దానికి అంచంటూ ఉండదు. నడిమి భాగం ముద్దలా కనిపిస్తుంది, స్కాన్‌లో మందు ఎక్కించినప్పుడు మెరిసేది అదే. ఆ మెరుపుకి అవతల, మామూలుగా కనిపించే మెదడులో కూడా దాని కణాలు ఒకటీ అరా తిరుగుతూ ఉంటాయి.

ఎలా తిరుగుతాయో 1930ల చివర్లోనే హాన్స్ షెరర్ అనే పరిశోధకుడు మైక్రోస్కోపు కింద చూసి రాశాడు. రక్తనాళాల గోడల వెంట, నరాల తీగల కట్టల వెంట, మెదడు పైపొర కింద, నరాల కణాల చుట్టూ. అంటే మెదడులో ముందే ఉన్న దారులే వాటి దారులు. కణాల మధ్యనున్న పదార్థాన్ని ఎంజైములతో కరిగిస్తూ, ఒళ్లు సన్నం చేసుకుని సందుల్లోంచి జారిపోతాయి. కుడి, ఎడమ సగాలను కలిపే నరాల వంతెన మీదుగా రెండో వైపుకీ చేరతాయి. 1928లో వాల్టర్ డాండీ అనే అమెరికా సర్జన్ ఇలాంటి రోగుల్లో మెదడు కుడి సగాన్నే తీసేసి చూశాడు. అయినా రోగం ఆగలేదు. కాబట్టి మీ సర్జన్ మీద నింద వెయ్యడం అన్యాయం. రొమ్ములో అయితే చుట్టూ కాస్త ఎక్కువ కోసి తీయొచ్చు. మెదడులో అలా కోస్తే మాటో, చెయ్యో పడిపోతుంది. అందుకే ఆపరేషన్ తర్వాత రేడియేషన్, టెమోజోలమైడ్ అనే కేన్సర్ మాత్రలు ఇస్తారు. ఆ రెండూ కలిపి ఇస్తే మేలని తేల్చిన 2005 నాటి పరిశోధనలో కూడా మధ్యస్థ ఆయుష్షు (సగం మంది బతికి ఉన్న కాలం) రేడియేషన్ ఒక్కటే ఇచ్చినప్పటి 12.1 నెలల నుంచి 14.6కే పెరిగింది. ఇది అంత మొండి రోగం.

ఇక మాటలు. “వ్యాపించింది” మీరన్నట్టే తప్పుదారి పట్టిస్తుంది. ఊపిరితిత్తుల కేన్సర్ రక్తంలో ప్రయాణించి మెదడుకి రావచ్చు. గ్లియోబ్లాస్టోమా మెదడు దాటి వేరే అవయవాలకి పోవడం చాలా అరుదు. “రాచపుండు” పాత మాట, పుండు పైకి కనపడాలి, ఇక్కడ పనికిరాదు. నాకు నచ్చింది “చొచ్చుకుపోయింది”. మాటల్లో అయితే “సందుల్లోకి దూరిపోయింది”.

చీపురుపల్లి సభ్యుడు:
“వేళ్లు తన్నింది” అంటే కుదరదా మాస్టారూ? మా పొలంలో తుంగ పీకితే పైదే వస్తుంది, కింద గడ్డలు ఉండిపోయి వారానికే మళ్లీ మొలుస్తుంది.

విజయనగరం సభ్యుడు:
మొదట వద్దందామనుకున్నాను బాబూ. వేరు మొక్కని వదిలిపోదు, ఈ కణాలు విడిగా నడుస్తాయి కదా అని. కానీ 2015లో హైడెల్‌బర్గ్ పరిశోధకులు ఎలుకల మెదడులో చూసింది మీ మాటకి దగ్గరగా ఉంది. ఈ కణాల్లో చాలా వాటికి పొడవైన సన్నని పోగులుంటాయి, వాటితో ఒకదాన్నొకటి పట్టుకుని ఉంటాయి. అలా కలిసి ఉన్నవి రేడియేషన్‌ని ఎక్కువగా తట్టుకుంటాయి కూడా. పల్లెలో చెప్పడానికి తుంగ మాటే వాడండి, బాగుంది.

నరసన్నపేట సభ్యురాలు:
మరి “తిరగబెట్టింది”?

విజయనగరం సభ్యుడు:
అర్థం వరకు అదే సరైనది. జ్వరం తిరగబెట్టింది అంటే కొత్త జ్వరం కాదు, పాతదే. ఇక్కడా అంతే, మళ్లీ కనిపించేది చాలాసార్లు మొదటి చోటికి రెండు సెంటీమీటర్ల లోపే. కానీ మన ఇళ్లలో ఆ మాటకి పథ్యం తోక ఉంది. “ఏం తిన్నాడు?” అని వెంటనే అడుగుతారు, అది వెళ్లి వండిపెట్టిన మీ అత్తయ్య మీద పడుతుంది. ఈ రోగానికీ ఆవిడ వంటకీ సంబంధం లేదు. అందుకే వచ్చినవాళ్లకి ఇలా చెప్పమనండి: “కనపడింది తీశారు. కనపడకుండా సందుల్లోకి దూరినవి ఉండిపోయాయి, అవే పెరిగాయి.” ఇందులో “మళ్లీ వచ్చింది” లేదు, తప్పు ఎవరి మీదా పడదు.

ఇచ్ఛాపురం, సోంపేట వైపు సభ్యులు మీ ఇళ్లలో ఏమంటారో రాయండి.