పెందుర్తి నుంచి దువ్వాడకి పొద్దున్న లోకల్ బండి వేయలేరా?

చినముషిడివాడ కోడలు

అందరికీ నమస్కారం. పెళ్లై విశాఖపట్నం శివారు చినముషిడివాడ వచ్చి తొమ్మిదేళ్లు. అప్పట్లో మేడ ఎక్కితే పెందుర్తి వైపు జీడితోటలు కనిపించేవి. ఇప్పుడు ఎటు చూసినా నల్ల వాటర్ ట్యాంకులే. మా ఒక్క వీధిలోనే రెండేళ్లలో నాలుగు అపార్ట్‌మెంట్లు లేచాయి. వేపగుంట, సుజాతనగర్, అటు కొత్తవలస దాకా లేఅవుట్ రాళ్లే. మొన్న మా తమ్ముడు అక్కడ స్థలం చూడ్డానికి వెళ్తే బ్రోచర్లో మొదటి మాట ‘రైల్వే స్టేషన్‌కి 5 నిమిషాలు’.

స్టేషన్ దగ్గరే, నిజం. కానీ నేను పనిచేసేది దువ్వాడ సెజ్‌లో (ప్రత్యేక ఆర్థిక మండలి). ఎనిమిదిన్నరకి పంచ్ పడాలి. ఆరూముప్పావుకి బయల్దేరి ఆటోలో గోపాలపట్నం, అక్కడి నుంచి ఎన్ఏడీ కొత్తరోడ్డు, బస్సు మారి గాజువాక, కూర్మన్నపాలెం. బస్సు దొరికినా కాలు మోపే చోటుండదు. రైలు పట్టాలు మాత్రం పెందుర్తి నుంచి సింహాచలం నార్త్ మీదుగా నేరుగా దువ్వాడకే ఉన్నాయి. విశాఖపట్నం స్టేషన్‌లోకి రాని ఎక్స్‌ప్రెస్‌లు అటే పోతాయి కదా. నా డ్యూటీ టైముకి ఆ దారిన ప్యాసింజర్ బండి లేదు. ఇన్ని ఇళ్లకి పర్మిషన్ ఇస్తున్నారు, ఈ లైన్లో ఎన్ని బండ్లు నడపొచ్చో ముందుగా లెక్క చూసేవాళ్లెవరు?

పాత సెక్షన్ కంట్రోలర్

అమ్మా, నువ్వడిగిన ప్రశ్న చిన్నది కాదు. ఏ బండిని ఎప్పుడు వదలాలో, ఎక్కడ ఆపాలో చూసే రైల్వే కంట్రోల్లో పద్నాలుగేళ్లు కూర్చున్నవాణ్ణి, తెలిసింది చెప్తాను.

మా బల్ల మీద పెద్ద చార్టు ఉండేది. అడ్డంగా గంటలు, నిలువుగా స్టేషన్లు. ప్రతి బండికీ పెన్సిల్‌తో ఒక గీత. మెయిలు గీత నిటారుగా లేస్తుంది. బొగ్గు గూడ్సు గీత వాలుగా పాకుతుంది. ప్రతి స్టేషన్‌లో ఆగే ప్యాసింజర్‌ది మెట్లు మెట్లుగా ఉంటుంది. ఈ మూడు రకాలూ ఒకే లైను మీద పడ్డప్పుడు మధ్యలో ఖాళీ దొరకదు. అన్నీ ఒకే వేగంతో పోతే ఎక్కువ బండ్లు పడతాయి, వేగాలు తేడా వస్తే తగ్గిపోతాయి. కొత్తవలస దగ్గర కిరండూల్ లైను వచ్చి కలుస్తుంది. ఇనుప ఖనిజం మోసే గూడ్సు బండ్లు అక్కడే మెయిన్ లైను ఎక్కుతాయి. పోర్టు బొగ్గు వేరే. మీ పెందుర్తి పడింది సరిగ్గా ఆ ఇరుకులో.

పాత పద్ధతి సిగ్నలింగ్‌లో ముందు బండి అవతలి స్టేషన్ చేరితే గానీ వెనక బండికి లైన్ క్లియర్ ఇవ్వరు. ఆటోమేటిక్ సిగ్నళ్లు పెడితే రెండు స్టేషన్ల మధ్య ఒకదాని వెనక ఒకటి నడపొచ్చు. లోకల్ బండ్లు పెంచాలంటే ముందు అది కావాలి, ఆ తర్వాత అదనపు లైన్లు.

ఇక విశాఖపట్నం స్టేషన్. ఎనిమిది ప్లాట్‌ఫారాలు. ఇటు నుంచి వచ్చి అటు పోవాలంటే బండి వచ్చిన వైపే వెనక్కి తిరగాలి, అందుకు ఇంజను ఈ కొస నుంచి ఆ కొసకి మార్చాలి, అంతసేపూ ప్లాట్‌ఫారం కట్టేసినట్టే. మెమూకి, అంటే దగ్గరి ఊళ్ల మధ్య తిరిగే కరెంటు ప్యాసింజర్ బండికి, రెండు కొసలా డ్రైవర్ క్యాబిన్ ఉంటుంది కాబట్టి ఇంజను మార్చే పని లేదు. అయినా లోపలికి రావాలంటే ప్లాట్‌ఫారం ఖాళీ ఉండాలి, లేకపోతే మర్రిపాలెం దాటాక అవుటర్లో, అంటే స్టేషన్ బయటి సిగ్నల్ దగ్గర, నిలబడాల్సిందే. అందుకే నీ ఆలోచన నాకు నచ్చింది. కొత్తవలస నుంచి అనకాపల్లికి బైపాస్ (నువ్వు చెప్పిన ఆ నేరు పట్టాలు) మీదుగా అటూ ఇటూ తిరిగే షటిల్ బండి వేస్తే ఆ ప్లాట్‌ఫారాల జోలికే పోనక్కర్లేదు. కొత్తవలసలో బండి తిరగడానికి, రాత్రి నిలపడానికి ఒక లైను మాత్రం విడిగా కావాలి. ఆ నేల ఇప్పుడే పక్కన పెట్టకపోతే ఇంకో ఐదేళ్లకి అక్కడా అపార్ట్‌మెంట్ ఉంటుంది.

కొమ్మాది నుంచి

అక్కా, మీకు పట్టాలైనా ఉన్నాయి. మధురవాడ, పీఎం పాలెం, కొమ్మాది అంతా హైవే ఒక్కటే దిక్కు. స్టీల్‌ప్లాంట్ నుంచి కొమ్మాది వరకు 34 కిలోమీటర్ల మెట్రో ప్లానులో ఉంది. మొదటి దశ మొత్తం 46 కిలోమీటర్లు, మూడు కారిడార్లు. ఆ పేరు చెప్పి స్థలాల రేట్లు పెంచి అమ్మేశారు. మనుషులు వచ్చేశారు, బండి రాలేదు.

లేఅవుట్ ఇంజనీరు

లేఅవుట్ల డ్రాయింగులు గీసే పని నాది. ఫైల్లో అడిగేవి రోడ్డు వెడల్పు, డ్రైనేజీ, పార్కుకి 10 శాతం ఖాళీ స్థలం. ఇక్కడ చేరే జనం ఏ బండెక్కి పనికి పోతారన్న కాలమ్ నా అనుభవంలో ఎక్కడా చూడలేదు. ఇల్లు కట్టుకోవడానికి అనుమతిచ్చేది ఒకరు, పట్టాలు వేసేది ఇంకొకరు. ఇద్దరూ ఒకే మ్యాపు ముందు కూర్చోవాలి.

డబ్బు సంగతి కూడా చెప్పుకోవాలి. హైదరాబాద్ లోకల్ రైళ్లు, ఎంఎంటీఎస్, 2003లో మొదలయ్యాయి, గూడ్సులూ ఎక్స్‌ప్రెస్‌లూ నడిచే పట్టాల మీదే. రెండో దశలో ఖర్చు మూడింట రెండు వంతులు రాష్ట్రం, ఒక వంతు రైల్వే పెట్టుకోవాలని ఒప్పందం. అది ఏళ్ల తరబడి సాగింది. ఘట్‌కేసర్ వైపు బండి 2024లో గానీ నడవలేదు. 2017 మెట్రో విధానంలో, రైలు రావడం వల్ల పెరిగిన భూమి విలువలో కొంత ఆ రైలుకే తిరిగి రావాలని రాశారు. మన లోకల్ లైనుకీ అదే వర్తింపజేయాలి. ‘స్టేషన్‌కి 5 నిమిషాలు’ అని చెప్పి గజానికి ఎక్కువ తీసుకున్నప్పుడు అందులో ఒక పాలు ఆ స్టేషన్‌కి చేరడం న్యాయం.

చినముషిడివాడ కోడలు

మాస్టారూ, మీరు చెప్పిన చార్టు ఇంకా కళ్ల ముందే ఉంది. మా వీధిలో అడిగాను. దువ్వాడ, గాజువాక, పరవాడ వైపు పనికి పోయేవాళ్లు పదిహేడు మంది తేలారు. ఒక్క వీధిలో! అందరూ ఆరున్నర, ఏడున్నర మధ్యే బయల్దేరతారు. సోమవారం నుంచి మిగతా వీధులూ తిరుగుతాం. పేరు అక్కర్లేదు, ఎక్కడ పని, ఎన్నింటికి చేరాలి, సీజన్ టికెట్ కొంటారా అనే మూడు ప్రశ్నలే. వేపగుంట, కొత్తవలస వాళ్లు ఎవరైనా కలిస్తే కాగితం నేనే జిరాక్స్ తీయించి ఇస్తాను. మాస్టారూ, వినతిపత్రంలో షటిల్ టైము ఎలా రాయాలో మీరు చెప్పండి. ఏడుంబావుకి పెందుర్తి దాటితే మాకు సరిపోతుంది.