పలుచనైన కొలది స్నిగ్ధత... పెరుగునా, తరుగునా?

పాతనోట్సు: పాలిమర్ కెమిస్ట్రీ తెలుగు నోట్సులో ఒక వాక్యం బుర్ర తినేస్తోంది. ‘పాలీఎలక్ట్రోలైటు ద్రావణము పలుచనైన కొలది స్నిగ్ధత -రుగును, మెథనాలు చేర్చిన...’ ఆపైన చిరిగిపోయింది. (పాలీఎలక్ట్రోలైటు అంటే గొలుసు పొడవునా విద్యుదావేశాలున్న పాలిమర్; స్నిగ్ధత అంటే విస్కాసిటీ, ద్రవం పారకుండా అడ్డుకునే గుణం.) జిరాక్సులో ఆ ఒక్క అక్షరం పడలేదు. ‘పె’నా, ‘త’నా?

అరసున్న: ‘పె’. 1948లో ఫ్యూస్, స్ట్రాస్ అనే రసాయన శాస్త్రవేత్తలు చూపించింది అదేగా. పలుచబడేకొద్దీ చుట్టూ అయాన్ల కాపు తగ్గి, గొలుసు మీది ఆవేశాలు తోసుకుని గొలుసు సాగుతుంది. చిటికెడు ఉప్పు వేస్తే ఆ ఆర్భాటమంతా పోతుంది.

జిగురుమనిషి: తొందరపడకండి అరసున్న గారూ. పెరిగేది స్నిగ్ధత కాదు, అదనపు స్నిగ్ధతను గాఢతతో భాగిస్తే వచ్చేది. స్నిగ్ధత కొలిచే ఉబ్బెలోడ్ గొట్టంలో పలుచటి ద్రావణం త్వరగానే దిగుతుంది. ఉత్త ‘స్నిగ్ధత’ అని రాస్తే ‘త’నే.

నిఘంటువు పురుగు: అసలు ఆ మాటే తేడా. స్నిగ్ధం అంటే జిడ్డు, నునుపు. జారేదాని పేరు జారనివ్వని గుణానికి అంటగట్టారు.

పద్యపిచ్చి: అదేం కాదండీ. మేఘసందేశం మొదటి శ్లోకంలో ‘స్నిగ్ధచ్ఛాయాతరుషు’ దగ్గర వ్యాఖ్యాత, మన కొల్చారం మల్లినాథుడు ‘సాంద్రాః’ అన్నాడు. చిక్కటి నీడ! అన్నట్టు, ఆ యక్షుడికి కాళిదాసు పేరైనా పెట్టలేదు చూశారా, ఉత్త ‘కశ్చిత్’.

నిఘంటువు పురుగు: సాంద్రతను డెన్సిటీ వాళ్ళు ఎప్పుడో పట్టుకుపోయారు. ఆముదం నీళ్ళకన్నా తేలిక, స్నిగ్ధత మాత్రం వందల రెట్లు. మల్లినాథుడు ఇక్కడ గట్టెక్కించలేడు.

అరసున్న: రెండో సగం చూడండి. డైఎలక్ట్రిక్ స్థిరాంకం (ఆవేశాల మధ్య లాగుడును ద్రవం ఎంత తగ్గిస్తుందో చెప్పే అంకె) నీటికి 78, మెథనాలుకి 33. సోడియం పాలీస్టైరీన్ సల్ఫొనేట్ అనే పాలీఎలక్ట్రోలైటు ద్రావణంలో మెథనాలు పెంచితే సోడియం అయాన్లు గొలుసుకే అంటిపెట్టుకుంటాయి, గొలుసు ముడుచుకుంటుంది. అంటే అక్కడ ‘తరుగును’. దానికి ఎదురుగా ముందు ‘పెరుగును’ ఉండాలి.

జిగురుమనిషి: అది మళ్ళీ భాగించిన లెక్కే. 25 డిగ్రీల దగ్గర నీటి స్నిగ్ధత 0.89, మెథనాలుది 0.55 మిల్లీపాస్కల్ సెకన్లు. సరైన పాళ్ళలో కలిపితే 1.5 దాటుతుంది! గొలుసు ముడుచుకున్నా ద్రావణిదే చిక్కన. కాబట్టి ముందు ‘తరుగును’, తర్వాత ‘పెరుగును’ అని కూడా చదవొచ్చు.

అరసున్న: పాతనోట్సు గారూ, ఎత్వం జాడేమైనా ఉందా?

పాతనోట్సు: సరిగ్గా అక్కడే ఫైలు చిల్లు పడిందండీ.

పద్యపిచ్చి: ఇంతకీ ఆ యక్షుడున్న రామగిరి మన పెద్దపల్లి దగ్గరి రామగిరే అంటారు.

నిఘంటువు పురుగు: మీ మల్లినాథుడే చిత్రకూటం అన్నాడు కదండీ! ఇప్పుడాయన మాట చెల్లదా?